ముడి వేసిన దుప్పటి

వదిన అరచేతిలో సూది దిగినప్పుడు నేను బాయిలర్ పక్కనే ఉన్నాను. ఆమె అరవలేదు. మూట విప్పుతున్న చెయ్యి ఆపి, తిప్పి చూసుకుంది. ఆసుపత్రి దుప్పటి మడతలోంచి వచ్చిన ఇంజెక్షన్ సూది బొటనవేలి మొదట్లో నిలబడి ఉంది. అది ఎవరి ఒంట్లోంచి తీసిందో, ఆ మనిషికి ఏ జబ్బో చెప్పేవాళ్ళు లేరు. మేస్త్రీ వచ్చి చూశాడు. సూది పీకి కిటికీలోంచి అవతలికి విసిరాడు. నేలమీద పడున్న గుడ్డపేలిక ఒకటి తీసి ఆమె చేతికి చుట్టాడు.

"ఊఁ, కానివ్వు. లారీ వచ్చే టైమైంది" అన్నాడు.

షెడ్డు నిండా మనుషులం ఉన్నాం.  తొట్లలో నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి, మేం దుప్పట్లు ముంచుతూనే ఉన్నాం. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఊళ్ళో ఆసుపత్రుల బట్టలన్నీ ఆ కాంట్రాక్టర్ లాండ్రీకే వచ్చేవి. దుప్పట్లు, గలీబులు, ఆపరేషన్ గదుల ఆకుపచ్చ గుడ్డలు. మూటలు విప్పేవాళ్ళు వేరు, ఉడికించేవాళ్ళు వేరు, పిండేవాళ్ళు, ఇస్త్రీ చేసేవాళ్ళు వేరు. ఒక్కో దుప్పటి ఎన్ని చేతులు మారుతుందో లెక్కలేదు. అందుకే మా ముందువాళ్ళు ఒక పద్ధతి పెట్టుకున్నారు. దుప్పట్లో గట్టిగా ఏదైనా తగిలినా, నెత్తురు పచ్చిగా ఉన్నా, మూలకి ముడి వేస్తారు. ముడి కనిపిస్తే తర్వాతి మనిషి చేత్తో ముట్టుకోకుండా పట్టుకారుతో తీసి విడిగా ఉడికిస్తుంది. లారీవాళ్ళ నోట విని ఆసుపత్రి ఆయాలూ నేర్చుకున్నారు. వార్డులోనే ముడి వేసి పంపేవాళ్ళు. మేం వాళ్ళ మొహాలు చూసింది లేదు, వాళ్ళు మా మొహాలు చూసింది లేదు. అయినా ఆ ముడి మా చేతుల్ని కాపాడేది.

కాంట్రాక్టర్‌కి అది కంట్లో నలుసైంది. ముడి విప్పడానికి ఆలస్యం, విడిగా ఉడికించడానికి దండగ, పైగా ముడి పడ్డ మూల ఇస్త్రీకి లొంగదట. ముడి వేసినవాళ్ళు ఇంటికి పోవచ్చని మేస్త్రీ చేత చెప్పించాడు. ఇళ్ళల్లో పొయ్యిలు వెలగాలి కదా, మానేశాం. ఆ వారంలోనే సూది దిగింది.

అన్నయ్య పోయాక నన్ను పెంచింది వదినే. ఆమెకి జ్వరం పట్టుకుంటే నేను కాంట్రాక్టర్ గుమ్మం ముందు నిలబడ్డాను. ఆ మనిషి మా మనిషి కాదు, కూలీలని కుదిర్చే ఏజెంట్ పంపిన మనిషి అన్నాడు. ఏజెంట్ దగ్గరికి పోతే, పంపడం వరకే నా పని అన్నాడు. ఇద్దరూ చేతులు దులుపుకున్నారు. ఆసుపత్రిలో రక్తం తీసుకుని, ఇప్పుడే ఏమీ చెప్పలేం, కొన్నాళ్ళాగి మళ్ళీ చూడాలన్నారు. ఏదో తేలేదాకా రోజూ మాత్రలు మానకుండా వేసుకోవాలన్నారు. ఆ మాట మా ఇంట్లో దీపం కింద నీడలాగా ఉండిపోయింది. వదిన గ్లాసులు, పళ్ళెం విడిగా పెట్టుకుంది. వద్దన్నా వినలేదు.

ఆ ఆదివారం మా గదిలో అందరం కూడాం. చోటు చాలక సగంమంది మెట్లమీద కూర్చున్నారు. మెడికల్ కాలేజీలో చదివే కళ్ళజోడు అమ్మాయి కూడా వచ్చింది. వార్డులో వదినకి రక్తం తీసింది ఆ పిల్లే. సమ్మె చేద్దామని కుర్రకారు అన్నారు. చేస్తే వాడు కొత్తవాళ్ళని తెచ్చుకుంటాడు, మన చేతుల బదులు ఇంకెవరి చేతుల్లోనో సూదులు దిగుతాయని ఇస్త్రీ మావయ్య అన్నాడు. ఆయన మా అందరిలో పెద్దవాడు. ఏ మాటకైనా అడ్డం తగలకపోతే ఆయనకి నిద్రపట్టదు. మాట మీద మాట పెరిగింది. అమ్మాయి ఏదో చెప్పబోతే, నువ్వు పరీక్షలు రాసి పోయే పిల్లవి, నీకేంటని ఒకామె కసిరింది. అమ్మాయి మొహం ఎర్రబడింది కాని, లేచి పోలేదు.

అప్పుడు వదిన గోడకి ఆనుకునే మాట్లాడింది.

"వాడి దగ్గరున్నదేంటి? తొట్లు, బాయిలరు. పని మన దగ్గరుంది. కాలవ పక్కన రంగుల ఫ్యాక్టరీ మూతపడి పాములు తిరుగుతున్నాయి. అక్కడా తొట్లు, బాయిలరు ఉన్నాయి. మనమే లాండ్రీ పెడదాం. మొదటి రూలు ముడి. రెండో రూలు తర్వాత ఆలోచిద్దాం."

అందరం నవ్వాం. వారం రోజులుగా మా గదిలో అదే మొదటి నవ్వు.

అలా మొదలైంది మా లాండ్రీ. పాత ఫ్యాక్టరీ యజమాని వారసులు, ఊరికే పడున్న షెడ్డే కదా అని అద్దెకిచ్చారు. తుప్పుపట్టిన బాయిలర్‌ని నేనూ, కళ్ళజోడు అమ్మాయి వెంటబెట్టుకొచ్చిన కాలేజీ పిల్లలూ కలిసి విప్పి, గీకి, బిగించాం. ఎవరి పనికి వాళ్ళు పెద్ద, అందరి మీదా పెద్ద ఎవరూ లేరు. యజమానులమయ్యాం కదా అని ఇస్త్రీ మావయ్య రెండోరోజే ఎండెక్కాక వచ్చాడు. వదిన గుమ్మంలోనే నిలబెట్టి, "యజమానిగారికి టీ తెప్పించమంటారా?" అని అడిగింది. ఆ తర్వాత ఆయన ఆలస్యంగా వచ్చిన పాపాన పోలేదు.

కాలవ అవతలి చిన్న ఆసుపత్రి అందరికంటే ముందు మాకు బట్టలిచ్చింది. మా దుప్పట్లు వాడాక రోగుల వీపుల మీద దద్దుర్లు తగ్గాయని అక్కడి నర్సులు చెప్పుకున్నారు. ఆ మాట నోటా నోటా పాకింది. కాంట్రాక్టర్ లాండ్రీలో మిగిలిపోయిన ఆడవాళ్ళు దారిలో కలిస్తే, మీ దగ్గర ముడి వేయనిస్తారట కదా అని అడిగేవాళ్ళు. ఆ అడగడంలో ఆశ ఉండేది. ఆ ఆశే కాంట్రాక్టర్‌కి నిద్ర లేకుండా చేసింది.

ఒకరోజు మధ్యాహ్నం ఒక పెద్దమనిషి వచ్చాడు. సమాజానికి మేలు చేసే సంస్థ ఏదో నడుపుతాడట. తెల్లటి బట్టలు, మెత్తటి మాట, మొహంమీద చెరగని నవ్వు. మా ఆడవాళ్ళు ఆయనకి చిరునవ్వు సారని పేరు పెట్టారు. షెడ్డంతా తిరిగి చూశాడు. మా ధైర్యం తన కళ్ళు తెరిపించిందన్నాడు. అందరికీ తలో చిన్న మిషన్ ఇప్పిస్తాడట. ఎవరింట్లో వాళ్ళు పెట్టుకోవచ్చట. బట్టలు తన మనుషులే ఇంటికి తెచ్చిస్తారట, ఉతికినదాన్నిబట్టి ప్రతిఫలమట. ఈ షెడ్డూ, ఈ సమావేశాలూ, ఈ వాదనలూ ఏవీ అక్కర్లేదట.

"మీలో ప్రతి ఒక్కరూ ఎవరికి వారే యజమాని. ఒకరి కింద ఒకరు ఉండక్కర్లేదు" అన్నాడు.

కొందరి కళ్ళు మెరిశాయి. అబద్ధమెందుకు, ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ పని చేసుకోవచ్చంటే ఏ తల్లికి చేదు? కాసేపు గుసగుసలు సాగాయి. వదిన ఆ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని వింటూ కూర్చుంది. ఆఖరికి అడిగింది.

"అయ్యా, నా ఇంట్లో నేనొక్కదాన్నే మూట విప్పి, నేనొక్కదాన్నే ఉతికితే, ముడి ఎవరికోసం వెయ్యాలి?"

సారుకి ప్రశ్న అర్థం కాలేదు. మా వాళ్ళందరికీ అర్థమైంది. సూది ఇంట్లోకి వస్తుంది. పిల్లలు పడుకునే చాప పక్కన మూట విప్పాల్సి వస్తుంది. గుచ్చుకుంటే అడగడానికి కాంట్రాక్టరూ ఉండడు, మేస్త్రీ ఉండడు, పక్కన మనిషీ ఉండదు. యజమానివి నువ్వే కదా అంటారు. గుసగుసలు ఆగిపోయాయి. వద్దని చెప్పాం.

ఆయన నవ్వు చెరగలేదు. గుమ్మం దాటుతూ మాత్రం, మిమ్మల్ని చూస్తే నాకు భయంగా ఉందమ్మా, ఊరు మంచిది కాదు, జాగ్రత్త అన్నాడు. బయట ఆయన ఎక్కిన కారు తలుపు తీసి పట్టుకున్నది మా పాత మేస్త్రీ.

మర్నాటి నుంచి వీధి చివర పోలీసు జీపు నిలబడటం మొదలైంది. ఎవరినీ ఏమీ అనలేదు. అందులో ఒకడు పల్లీలు వొలుచుకు తింటూ వచ్చేపోయేవాళ్ళ మొహాలు చూసేవాడు. సాయంత్రానికి వాడి కాళ్ళ దగ్గర తొక్కలు కుప్పపడేవి. మేం పని దిగి వెళ్తూ ఆ తొక్కల్ని చూసేవాళ్ళం. తర్వాత కొళాయి సన్నబడింది, ఆ పైన ఆగిపోయింది. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాం. పైపు బాగుచేస్తున్నామన్నారు. ఏ వీధిలోనూ తవ్విన గుంట కనపడలేదు. కాలవ అవతలి నుంచి బండిమీద నీళ్ళు మోసుకొచ్చాం. కళ్ళజోడు అమ్మాయి కూడా బిందె ఎత్తింది. ఆరోజు కసిరినామె తన తలగుడ్డ చుట్టి ఆ పిల్ల నెత్తిమీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే పెద్దాసుపత్రి నుంచి కబురొచ్చింది. బట్టలన్నీ ఇక మీకే, అయితే రేపు సాయంత్రానికల్లా ఉతికి ఇవ్వాలి. లారీ వచ్చి మూటలు దింపితే షెడ్డు కప్పు అందేలా గుట్టపడింది. మాకు తల తిరిగింది. ఇది నిలబెట్టుకుంటే ఇక మనకి తిరుగులేదన్నాడు ఇస్త్రీ మావయ్య. నిలబెట్టుకోవాలంటే మాత్రం ఈ ఒక్కసారికి ముడులు చూడటం, విడదీయడం మానేయాలి, అన్నీ కలిపి ఒకేసారి తొట్లో వేయాలి అన్నాడు. చేతులెత్తమంటే చాలా చేతులే లేచాయి. ఆలోచిస్తే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. కాంట్రాక్టర్ ఎక్కడో లేడు, ఆ లేచిన చేతుల్లోనే ఉన్నాడు.

వదిన లేచింది. వెళ్ళి ఆ గుట్టకి అడ్డంగా కూర్చుంది.

"నన్ను దాటి తీసుకోండి. మీ ఇష్టం" అంది.

మావయ్యకి కోపం ముంచుకొచ్చింది. నీ మూలంగా మేమంతా రోడ్డునపడాలా అని అడిగాడు. నా మూలంగానే కదా ఇక్కడికొచ్చారు అంది వదిన. ఆమె కట్టు విప్పి చెయ్యి చాపింది. పుండు మానింది కాని, చుట్టూ నలుపు పోలేదు.  మావయ్య ముఖం ముడుచుకునే, గోడకున్న పట్టుకారు తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత ఒక్కొక్కరమే చేరాం.

మొదటి మూటలోనే సూదులున్నాయి. రెండో మూటలో ఉన్నాయి. పొరపాటున వచ్చేవి ఒకటో అరో ఉంటాయి. ఇవి మడతమడతకీ గుప్పెళ్ళతో పోసినట్టున్నాయి. కలిపి తొట్లో వేసుంటే మా చేతులు పోయేవి, ఉతికిన దుప్పట్లతో రోగుల ఒళ్ళూ తూట్లుపడేవి. మాకు ఆ పెద్ద పని ఎందుకొచ్చిందో అప్పుడర్థమైంది.  ఎవరూ ఎవరి వైపూ చూడలేదు. ముడి వేసి, ముడి వేసి, విడిగా పేర్చాం. మూటల్లో సూదులు పోస్తున్నారు, ముడి వేసి పంపండని, పెద్దాసుపత్రిలో కొత్తగా ఆయాగా చేరిన మా పిన్నికి కళ్ళజోడు అమ్మాయి చేత కబురు పంపాం.

మర్నాడు మధ్యాహ్నం జీపు కదిలింది. నేరుగా మా గుమ్మంలోకే వచ్చింది. మా దగ్గర ఉతికిన దుప్పట్లో సూది ఉండి పెద్దాసుపత్రిలో ఒక రోగికి గుచ్చుకుందని ఫిర్యాదట. షెడ్డుకి సీలు వేయాలట, మూటలు చూసే మనిషిని, అంటే వదినని, తీసుకుపోవాలట.

"అయ్యా, పెద్దాసుపత్రికి మేం ఇంకా ఒక్క దుప్పటి కూడా తిరిగి పంపలేదు. అన్నీ ఇక్కడే ఉన్నాయి, చూసుకోండి" అన్నాడు మావయ్య.

పల్లీలు తినేవాడు మూటల గుట్ట వైపు చూశాడు. పక్కనున్న అధికారి మాత్రం మొహం తిప్పకుండా, "అదంతా స్టేషన్లో చెప్పుకోండి" అన్నాడు.

వదిన మాత్రల పొట్లం గూట్లోనే ఉండిపోయింది. నేను తీసుకుని పరిగెత్తితే లాఠీ అడ్డంపెట్టి తోశారు. ఆమె జీపు ఎక్కి వెనక బల్లమీద కూర్చుంది. మా వైపు చూసింది. ఏడవలేదు, నినాదం ఇవ్వలేదు. జీపు వెనక వేలాడుతున్న టార్పాలిన్ గుడ్డ మూల పట్టుకుని, బలంకొద్దీ లాగి, దానికి ముడి వేసింది. బండి వీధి మలుపు తిరిగేదాకా ఆ ముడి ఊగుతూ కనిపించింది.  చుట్టూ ఉన్నవాళ్ళెవరూ ఇళ్ళకి పోలేదు.

మా షెడ్డుకి తాళం పడగానే పెద్దాసుపత్రి బట్టలు మళ్ళీ కాంట్రాక్టర్‌కి పోయాయి. మర్నాడు పొద్దున లారీ వాడి గేటు ముందు ఆగేసరికి మేం ఎదురుగా నిలబడి ఉన్నాం. మూటలు దింపుతుంటే మా కళ్ళని మేమే నమ్మలేకపోయాం. ప్రతి దుప్పటికీ ముడి ఉంది. గలీబులకీ ముడి, ఆకుపచ్చ గుడ్డలకీ ముడి. పిన్ని మా కబురు ఒక్క వార్డులోనే చెప్పిందట. తెల్లారేలోపు అన్ని వార్డుల ఆయాలూ వేసేశారట.

లోపల ఆడవాళ్ళు మూటల చుట్టూ నిలబడ్డారు. ఒక్కరూ ముట్టుకోలేదు. మేస్త్రీ గుడ్లురిమాడు, పేరుపేరునా తిట్టాడు, పని పీకేస్తానన్నాడు.

"ముడి ఉంది" అంది ఒకామె.

ఇంకెవరిని అడిగినా అదే మాట. గొంతులు పెద్దవి కావు, కాని అన్నీ ఒకటే. కాంట్రాక్టర్ లోపలి గదిలోంచి వచ్చాడు. వెనకే చిరునవ్వు సారు కూడా వచ్చాడు, ఆరోజు మొహంమీద నవ్వు లేదు. ఏముంది అందులో, ఒట్టి గుడ్డ, ఎందుకంత భయం అని కాంట్రాక్టర్ విసుక్కున్నాడు.

"అయితే మీరు విప్పండి" అన్నాను నేను గేటు బయటి నుంచి.

అతను మూట దగ్గరికి నడిచాడు. వంగాడు. చెయ్యి చాచాడు. ముడికి జానెడు దూరంలో ఆ చెయ్యి ఆగింది. ఉంగరాలున్న వేళ్ళు ముడుచుకున్నాయి. తర్వాత ఆ చెయ్యి మెల్లిగా వెనక్కి వెళ్ళి జేబులో దూరింది.

అది అందరూ చూశారు. లోపలున్నవాళ్ళూ చూశారు, బయటున్నవాళ్ళూ చూశారు. ఎవరో లోపలి నుంచి గేటు గడియ తీశారు. ఆడవాళ్ళు పట్టుకార్లతో తలో దుప్పటి ఎత్తుకుని బయటికి వచ్చారు. మావయ్య వాళ్ళకి దారి ఇచ్చాడు. నా జేబులో వదిన మాత్రల పొట్లం ఉంది. అందరం స్టేషన్ వైపు నడిచాం.