ఇంటివాళ్ళు రాయాల్సిన పేజీ

ఫిరంగుల దగ్గర పందొమ్మిదేళ్ళు పనిచేశాను. చెవులు అక్కడే పోయాయి. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఇంకో ఇరవయ్యారేళ్ళు పట్టింది.

వైకల్య పింఛను దరఖాస్తుకు నాలుగు పేజీలు. మూడు నేను నింపాను. నాలుగోది ఇంటివాళ్ళు రాయాలి. ఈ మనిషికి వినపడదని మీకెలా తెలుసు అని అందులో ప్రశ్న. నా ఇంట్లో ఉన్నది నా కూతురొక్కతే. భార్య పోయి రెండేళ్ళయింది.

"నేను రాయను. నీకు వినపడుతుంది. నువ్వే చెప్పావు," అంది కూతురు.

చెప్పిన మాట నిజమే. వాళ్ళమ్మ మంచాన పడ్డ రోజుల్లో ఒక మధ్యాహ్నం వెనక గదిలోంచి మంచినీళ్ళకు పిలిచింది. మూడుసార్లు పిలిచిందట. నేను ముందు గదిలో పేపరు చదువుతున్నాను. కూతురు పనినుంచి వచ్చేసరికి ఆమె నోరెండిపోయి పడుకుని ఉంది. "అమ్మ పిలిస్తే వినపడలేదా?" అని నిలదీసింది.

"వినపడింది. పేపరయ్యాక లేద్దామనుకున్నా," అన్నాను.

చెవిటివాణ్ణని ఒప్పుకోవడం కన్నా చెడ్డవాణ్ణనిపించుకోవడం నాకు తేలిక. అది పటాలంలో అబ్బిన బుద్ధి. అక్కడ ఏటా చెవుల పరీక్ష జరిగేది. వైద్య సహాయకుడు మా వెనక నిలబడి గుసగుసగా ఐదు అంకెలు చెప్పేవాడు. అవి మేము తిరిగి చెప్పాలి. వాడు బద్ధకస్తుడు. ఏటా అవే అంకెలు, అదే వరస. మా ఫిరంగి జట్టంతా కంఠతా పట్టాం. తప్పినవాణ్ణి ఫిరంగి దగ్గరనుంచి తీసేసి, సామాన్ల కొట్లో దుప్పట్లు మడతపెట్టే పనికి పంపేవాళ్ళు. ఆ పనికి పోవడానికి మాలో ఎవడికీ మనసొప్పలేదు.

అందుకని పటాలం వదిలేనాటి కాగితంలో నా చెవులు భేషుగ్గా ఉన్నాయి. అది చూసే మొదటి దరఖాస్తు తిప్పికొట్టారు. రెండోసారి పెడితే, నాలుగో పేజీ తరవాత ఇవ్వొచ్చని పరీక్షకు రమ్మన్నారు. ఇంటివాళ్ళు ఒకరు వెంట రావాలన్నారు. కూతురు సగంరోజు సెలవు పెట్టి వచ్చింది. మనిషి వచ్చింది గానీ దారంతా మాట రాలేదు.

ఆసుపత్రిలో చెవి పరీక్షలు చేసే అమ్మాయి నన్నొక చిన్న గదిలో కూర్చోబెట్టింది. గోడలనిండా మెత్త. ఎదురుగా గాజు కిటికీ, కిటికీ అవతల ఆమె, ఆమె మెషిను. చెవులకు ఇయర్‌ఫోన్లు తగిలించి చేతికి ఒక మీట ఇచ్చింది.

"శబ్దం వినపడగానే నొక్కండి."

నొక్కాను. పది నిమిషాలు నొక్కుతూనే ఉన్నాను. ఆమె లేచి వచ్చి తలుపు తెరిచింది.

"బాబాయ్ గారూ, నా చెయ్యి చూసి నొక్కుతున్నారు."

"లేదమ్మా."

"ఇందాక చెయ్యి ఊరికే కదిపాను. శబ్దమే పెట్టలేదు. అయినా నొక్కారు."

తల దించుకున్నాను.

"వినపడదని నాటకమాడేవాళ్ళు నాకు రోజూ తగుల్తారు. వినపడుతుందని ఆడేవాళ్ళని ఇదే చూడ్డం. పింఛను కావాలా వద్దా మీకు?"

తలుపు తెరిచే ఉంది. బయట బెంచీమీద కూర్చున్న నా కూతురు అంతా విన్నది. ఆ రోజుకు అప్పుడే మొదటిసారి నా వంక చూసింది.

ఈసారి నా కుర్చీని గోడవైపు తిప్పారు. వేలు మీటమీద ఉంది. నొక్కమని ప్రాణం పీకుతోంది. నొక్కలేదు. గుండును భుజానెత్తుకుని గుట్టెక్కడం ఇంతకన్నా సులువు. ఎంతసేపలా ఊరికే కూర్చున్నానో నాకే తెలియదు.

తరవాత ఆ అమ్మాయి ఒక కాగితం చూపించింది. దానిమీద గీత కాస్తదూరం తిన్నగా నడిచి, బావిలోకి దిగినట్టు దిగిపోయింది.

"బొంగురు గొంతులు, లారీల చప్పుడు వినపడతాయి. సన్నటి గొంతులు పోయాయి. ఆడవాళ్ళవి, పిల్లలవి."

కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ముందు గదిలో ఈయన కూర్చుని ఉంటే, వెనక గదిలోంచి నీరసంగా ఉన్న ఆడమనిషి పిలిస్తే?"

"వినపడదండీ."

"మూడుసార్లు పిలిస్తే?"

"ముప్ఫైసార్లు పిలిచినా అంతే."

కూతురు గుమ్మం దాటి లోపలికొచ్చింది.

"చెవుల్లో మోత ఉందా?" ఆ అమ్మాయి నన్నడిగింది.

"ఉంది."

"ఎప్పట్నించి?"

"పెళ్ళికి ముందునుంచి."

మెషినుమీద చప్పుడు బాగా పెంచి సన్నటి కూతలు ఒక్కొక్కటే వినిపించింది. పైకి, అన్నాను. ఇంకా పైకి, అన్నాను. ఒకచోట చెయ్యెత్తి ఆపాను. అదే. నలభయ్యేళ్ళుగా నా తలలో ఉన్నది మొదటిసారి బయటినుంచి విన్నాను.

"నేనూ వింటా," అంది కూతురు.

ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. అరనిమిషానికి తీసేసింది.

"ఇది ఆగదా?"

"ఆగదు."

"అమ్మకి చెప్పావా?"

"చెప్తే ఏం చేస్తుంది?"

"ఏం చేస్తుందా? కుర్చీ వెనక గదిలో వేసుకోమనేది. అంతే కదా నాన్నా."

అంతే. ఆ మధ్యాహ్నానికి నన్ను నేను క్షమించుకోను. క్షమించమని కూతుర్నీ అడగను.

అదీ క్షమించానని అనలేదు. వరండాలో బల్ల దగ్గర కూర్చుని నాలుగో పేజీ తీసి, పెన్ను ఇమ్మని చెయ్యి చాపింది. ఒక తెల్లకాగితం నా ముందుకు తోసింది.

"ఆ అంకెల బాగోతం నువ్వు రాయి. పాత కాగితం ఎందుకు తప్పో వాళ్ళకి తెలియాలి."

"దొంగననుకుంటారు."

"అనుకోనీ. ఉన్నదేగా."

ఇద్దరం చెరోవైపు కూర్చుని రాశాం. నాది నాలుగు వరసల్లో అయిపోయింది. అది పేజీ నింపి, వెనక్కి తిప్పి కూడా రాసింది. మధ్యలో తలెత్తకుండా ఏదో అడిగింది. పెదవులు కదలడం కనపడింది. ఎప్పటిలాగే ఆఁ ఆఁ అనబోయాను.

"వినపడలేదు. మళ్ళీ చెప్పు," అన్నాను.

అది తలెత్తింది. "ఏ చెవి ఎక్కువ పాడయిందని అడిగా."

"కుడిది. ఫిరంగి అటువైపుండేది."

రాసుకుంది. లేచి వచ్చి కుర్చీ నా ఎడమపక్కన వేసుకుని తరవాతి ప్రశ్న చదివింది.