మార్తమ్మను తిట్టిన ఆదివారం

జొన్నలు విసురుతూ నవ్వాను. అదే నేను చేసిన నేరం.

విసుర్రాయి పక్కన పత్రిక పరిచి, గాలికి పేజీలు లేవకుండా ఓ గులకరాయి పెట్టి, కుడిచేత్తో పిడి తిప్పుతూ చదవడం పెళ్ళైన కొత్తలోనే నేర్చుకున్నాను. అది గుంటూరు వైపు నుంచి నెలకోసారి టపాలో వచ్చే క్రైస్తవ పత్రిక. అందులో పరంజ్యోతి గారనే పాదిరి వ్యాసాలు రాసేవాడు. 'దీర్ఘ ప్రార్థన చేసేవాడు దేవుడికి ఏమీ తెలియదనుకుంటాడో, తనకెంత తెలుసో దేవుడికి చెప్పుకుంటాడో నాకింకా తేలలేదు' అని రాశాడు ఆ నెల. మా గుడి సంఘానికి పెద్ద అయిన పెద్దన్న మామ కళ్ళు మూసుకుని, ఆలూరు వానల దగ్గర మొదలుపెట్టి ఐక్యరాజ్యసమితి దాకా ప్రార్థించే తీరు గుర్తొచ్చి, పిండి మీద తుంపర పడేలా నవ్వాను.

మా అత్త పేరు సంతోషమ్మ. పేరు పెట్టినవాళ్ళు మళ్ళీ వచ్చి చూసుకోలేదు.

"ఏమ్మే ఆనందం, ఒక్కదానివే నగుతాండావు, దయ్యం గాని పట్టిందా?"

"పుస్తకం చదువుతాండా అత్తా."

"దేవుని పుస్తకమంటివే! దాంట్లో నగేదేముండాది?"

సాయంత్రానికల్లా మా ఆయనకు సమాచారం అందింది. ఆయన మిషన్ బడి హెడ్మాస్టరు. మూడు ఊళ్ళకు ఒక్కడే పాదిరి కాబట్టి, పాదిరి రాని ఆదివారాల్లో ప్రసంగం కూడా ఆయనదే. ఆయనకు జీతం వస్తుంది. చిన్నపిల్లల తరగతి నాది, కుట్టుపాఠం నాది, బడీ గుడీ ఊడ్చడం నాది. దానికి జీతం లేదు, పేరు మాత్రం ఉంది. సేవ అంటారు. మగవాడు చేస్తే ఉద్యోగం, ఆడది చేస్తే సేవ. ఈ తేడా కనిపెట్టినవాడెవడో గాని, వాడికి చేసిపెట్టే ఆడది ఇంట్లో ఉండే ఉంటుంది.

"నీకెందుకే ఈ సదువులు? ముందు నేను చదువుతా. నీకు పనికొచ్చేది ఏమన్నా ఉంటే చెప్తా" అని ఆయన పత్రికను బడి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

నాకు పనికొచ్చేది! ఆ మాట చాలా రోజులు గొంతులో చేపముల్లులా ఉండిపోయింది. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మాటలన్నీ ఒక చేటలో పట్టేస్తాయి. చొక్కా ఏది, సంగటి మెత్తగా ఉంది, నీళ్ళు తెచ్చావా. ఆ ఏడు కర్నూలు రాజధాని అయింది, మంత్రులొచ్చారు, జీపులొచ్చాయి. మా ఇంటికి నీళ్ళు మాత్రం నా నెత్తి మీదనే వచ్చేవి. అలాంటి నాతో, ఎక్కడో ఉన్న ఒక ముసలి పాదిరి, నాకు అర్థమవుతుందని నమ్మి మాట్లాడేవాడు. ముందు తన మీదే జోకు వేసుకునేవాడు. మనం నవ్వుతాం. ఇంకో రెండు వాక్యాలు పోయాక మన చెంప చురుక్కుమంటుంది. అరె, ఇది నాకే తగిలిందే అని మళ్ళీ నవ్వుతాం. వేయించిన వేరుశనక్కాయలు తిన్నట్టే, ఒకటి నోట్లో ఉండగానే చెయ్యి ఇంకోదాని కోసం పోతుంది. ఆ కాస్త సంతోషానికి తాళం వేసి, పనికొచ్చేది చెప్తాడట. వాక్యం మొత్తం నమిలేసి నాకు పిప్పి పెడతాడట.

అయితే ఆయన ఒకటి మరిచిపోయాడు. పొద్దున్నే బడి తెరిచి ఊడ్చేది నేను. సుద్దముక్కలుండేది ఆ బీరువాలోనే. బడితో పాటు ఆ బీరువాకూ ఇంకో తాళంచెవి నా కొంగుకే ఉండేది. ఊడ్చే మనిషి ఎలా లోపలికి వస్తుందో ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. బడి దానంతటదే శుభ్రంగా ఉంటుందనుకునేవాడు.

కోతపండుగకు ముందు నెల పత్రికలో పరంజ్యోతి గారు మార్త గురించి రాశాడు. ప్రభువు ఇంటికొస్తే చెల్లెలు మరియ పాదాల దగ్గర కూర్చుని వాక్యం వింటే, వంటపనితో సతమతమైన అక్క ఆ మార్త. 'మార్తంత మూర్ఖురాలు లేదు' అని మొదలుపెట్టి, ఆరో పేజీ నిండా ఆమెను ఉతికి ఆరేశాడు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో 'మిగతా ఇరవయ్యో పేజీలో' అని ఉంది. మా ఆయనకు ఆరో పేజీ తెగ నచ్చింది. కోతపండుగ ప్రసంగానికి దాన్ని కంఠతా పట్టసాగాడు.

"మిగతాది కూడా చూసినారా?" అని అడిగాను.

"నాకు చెప్పొచ్చినావా? ఈ ఒక్క పేజీ చాలు, ఆడోళ్ళందరికీ బుద్ధొస్తాది. అయినా నీకెట్ల తెలుసు మిగతాది ఉందని?"

"పత్రికలన్నాక మిగతాది ఉంటాది గదా."

చెప్పవలసింది చెప్పాను. ఆయనకు ఆ పేజీ నోటికొచ్చాక, ఓ పొద్దున సుద్దముక్కలతో పాటు పత్రిక కూడా తెచ్చుకున్నాను.

కోతపండుగ నాడు మా గుడిలో జొన్నకంకులు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు ప్రభువు బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక సంఘమంతటికీ ప్రేమవిందు. మగవాళ్ళు లోపల చాపల మీద కూర్చుంటారు. ఆడవాళ్ళు గుడి వెనక మూడు రాళ్ళ పొయ్యిల దగ్గర ఉంటారు. వాళ్ళు వాక్యం వినేది కిటికీలోంచే, పొగతో కలిపి.

మా ఆయన గొంతు కిటికీలోంచి గట్టిగా వచ్చింది. "ప్రభువు ఇంటికొస్తే పొయ్యి పట్టుకుని కూర్చునింది మార్త! కుండలమీదుండే ధ్యాస వాక్యం మీద లేదు! అమ్మలారా, మీ ఇండ్లల్లో ఎంతమంది మార్తలుండారు?"

ఉల్లిగడ్డలు కోస్తున్న బసమ్మ కత్తిపీట మీద చెయ్యి ఆపింది. "ఏం పంతులమ్మా, సారు మనల్నే తిడతాండాడే?"

"అవును."

"అయితే వండొద్దంటాండాడా?"

'ఊరికే అంటాడులే, నువ్వు కానీ' అనడం నాకు అలవాటే. ఇంట్లో ప్రతి మాటకూ అదే అంటాను. ఆ మాట నాలిక చివరి దాకా వచ్చింది. గరిటె కింద పెట్టి, చేతులు కడుక్కున్నాను.

"అట్లనే అంటాండాడు. వాక్యానికి లోబడదాం, రాండి."

కొంగులు నెత్తిన వేసుకుని అందరం లోపలికి పోయి, బల్ల ముందు గుమ్మడికాయల మధ్య కూర్చున్నాం. మా ఆయన ప్రసంగం మధ్యలో ఆపాడు.

"ఏం చేస్తాండారు మీరంతా?"

"పాదాల కాడ కూచున్నాం. మీరే గదా చెప్తిరి!" అంది బసమ్మ.

పెద్దన్న మామ గొంతు సవరించుకున్నాడు. "శానా మంచిదమ్మా. మరి... కూర యాడికొచ్చింది?"

"ప్రభువుకెరుక మామా" అని నేను లేచాను. ఆ గుడిలో ఆడది లేచి నిలబడేది పాటకే. రవికెలోంచి పత్రిక తీశాను. "సారు చెప్పింది సగమే. మిగతాది ఇరవయ్యో పేజీలో ఉండాది."

"కూచో ఆనందం!" అన్నాడు మా ఆయన. బడిలో పిల్లలను అనే గొంతు అది. నేను ఇరవయ్యో పేజీ తెరిచి చదివాను.

'పైన రాసిందంతా పోయిన ఆదివారం నేను చేసిన ప్రసంగం. చేసి ఇంటికి పోయి, నా భార్య వండిన కోడికూర రెండుసార్లు పెట్టించుకు తిన్నాను. మూడోసారి గిన్నె చాపితే ఆమె అడిగింది. ఏమండీ, మీరు చెప్పినట్టు నేనూ గుళ్ళోనే కూర్చుని ఉంటే, ఈ కోడి తనంతట తానే వచ్చి కుండలో పడుకునేదా?'

ముందు బసమ్మ నవ్వింది. తర్వాత ఆడవాళ్ళంతా నవ్వారు. చాపల మీద వెనక వరసలో ఒకరిద్దరు మగవాళ్ళు నవ్వి, పెద్దన్న మామ మొహం చూసి మానుకున్నారు.

అప్పుడే కిటికీలోంచి మాడు వాసన వచ్చింది. పప్పుది. ఆడవాళ్ళందరి ముక్కులకూ ఒకేసారి తెలిసింది. ఒక్కరూ కదల్లేదు.

"ఎవరన్నా పోయి చూడండమ్మా!" అన్నాడు పెద్దన్న మామ, ఆడవాళ్ళ వైపే చూస్తూ.

నేను తర్వాతి వాక్యం చదివాను. మా ఆయన ఒక్క క్షణం నన్నూ, ఒక్క క్షణం కిటికీనీ చూసి, పైపంచె ముక్కుకు అడ్డం పెట్టుకుని గుడి వెనక్కి పరిగెత్తాడు.

"గరిటె యాడుండాది?" అని పొయ్యిల దగ్గర నుంచి కేక వేశాడు.

అక్కడున్న ఆడవాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ చెప్పలేదు.