రమణబాబు కనిపెట్టిన కృష్ణబిలాలు

మా ప్రాజెక్ట్ మేనేజర్ రమణబాబుకు ఆకాశంతో ఉన్న పరిచయం, గొడుగు తీసుకెళ్లాలా వద్దా అని చూడటం వరకే. అలాంటి మనిషికి ఒక విదేశీ విశ్వవిద్యాలయం లక్షల నక్షత్రాల వెలుగు లెక్కలు అప్పగించింది. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర చీరల షాపు పైన మా ఆఫీసు. సందుసందునా సాఫ్ట్‌వేర్ బోర్డులు వేలాడుతున్న రోజులవి. ఎవరికేం వచ్చో అడిగే నాథుడు లేడు.

పని నాకిచ్చారు. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదివి, జీతం కోసం కోడింగులో పడ్డదాన్ని. విశ్వంలో కంటికి కనబడని కృష్ణ పదార్థమంతా కృష్ణబిలాలేనా అన్నది ఆ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రశ్న. నక్షత్రానికి అడ్డంగా కృష్ణబిలం వెళ్తే, దాని ఆకర్షణ వెలుగును భూతద్దంలా వంచి, ఆ నక్షత్రం ఒకే ఒక్కసారి మెల్లగా వెలిగి, అంతే మెల్లగా తగ్గుతుంది. మళ్లీ వెలగదు. అలాంటివి డజన్లకొద్దీ దొరికితే అవునని జవాబు, దొరక్కపోతే కాదని. పని బాగుంటే చేసినవాళ్లను పరిశోధనలోకి తీసుకుంటామన్నారు. తిరిగి ఫిజిక్సులోకి వెళ్లడానికి నాకున్న దారి అదొక్కటే.

ఆర్నెల్లు కళ్లు పోయేలా చూశాను. ఎనిమిది దొరికాయి.

"ఏటమ్మా సృజనా, ఆర్నెల్లకి ఎనిమిదేనేటి?" అన్నాడు రమణబాబు.

"ఉన్నయే గన్ని సార్. తక్కువున్నా సుత అది జవాబే."

"క్లయింటు కౌంటు సూత్తాడమ్మా, జవాబు కాదు."

అతని బుర్రకు అంతకు మించి పట్టదు. ప్రోగ్రాముల్లో తప్పులు ఎక్కువ పట్టినవాడికే ప్రమోషన్ ఇచ్చే ఆఫీసు మాది. క్లయింటుకు మెయిల్ రాసే హక్కూ అతనొక్కడిదే. నెలనెలా వెలిగి తగ్గే మామూలు నక్షత్రాలను కలిపేసి, నా ఎనిమిదిని నలభై చేసి, తన పేరుతో పంపాడు. పైగా ఏ.ఎస్. రావు నగర్ బేకరీలో క్రీముతో "నలభై బ్లాక్‌హోల్స్" అని రాయించి కేకు తెప్పించాడు. సిగ్గూ ఎగ్గూ లేని మనిషి.

కేకు బల్ల మీద ఉండగానే మెయిలొచ్చింది. మా చూపును పరీక్షించడానికి ఆ లెక్కల్లో వాళ్లే ఎనిమిది నకిలీవి దాచారట. ఎనిమిదీ మా నలభైలో ఉన్నాయి. కానీ కనబడ్డదల్లా కృష్ణబిలమే అనేవాడికి అవి ఎలాగూ దొరుకుతాయి, మీ చూపును నమ్మలేం, పని ఇంతటితో ఆపేస్తున్నాం అన్నారు. కింద ఆ ఎనిమిది నకిలీల జాబితా ఇచ్చారు.

అవే నా ఎనిమిది. అంటే నిజమైనది ఒక్కటీ లేదు. వాళ్లడిగిన ప్రశ్నకు కాదన్న జవాబు అన్ని రోజులూ నా దగ్గరే ఉంది. ఇప్పుడు నా ఎనిమిదిని పంపితే జవాబులు చూసి పరీక్ష రాసినట్టే. ఎవరు నమ్ముతారు?

"ఎనిమిదీ కరెక్టే కదేటి? పాసైపోయినట్టే" అంటూ రమణబాబు కేకు కోశాడు. "నలభై" అని రాసున్న ముక్క నా ప్లేట్లో పెట్టాడు.