కుశలం అడగని కంప్యూటర్

ఈ ఉదయం ఆక్సిజన్ గ్రాఫు గీత లాప్‌టాప్ అంచు దాటి, బల్ల దిగి, గుమ్మం బయటికి నడుస్తోంది. నేను చెప్పులేసుకుని దాని వెంట వెళుతున్నాను.

గీత రొయ్యల చెరువు గట్టు మీదుగా సాగి, నీళ్ల మీద తేలే నా డబ్బా దగ్గర ఆగుతుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి కంప్యూటర్‌కు పంపడం డబ్బా పని. ఆ అంకె చూసి, నీళ్లను చిలికి గాలి కలిపే ఏరేటర్లు తిప్పడం కంప్యూటర్ పని. చేత్తో వేసే స్విచ్చు ఉండేది గానీ, తెలివి ఎక్కువై నేనే పీకేశాను. పొద్దుటి నుంచి ఒక మబ్బు చెరువు మీద కదలకుండా కూర్చుంది. ఎండ లేక నీళ్లలో ఆక్సిజన్ తగ్గిపోతోంది. డబ్బా ఒక్క అంకె కూడా పంపడం లేదు. గీత నడుం వంగిపోతోంది. అది నీళ్లను తాకిందా, రొయ్యలన్నీ చచ్చి తేలతాయి.

చెరువు రైతు పతిరాజు గారు తాపీగా వచ్చి గీత కింద వెదురుకర్ర పోటు పెడతారు. ఆయన భార్య మంగాయమ్మ గారు దండెం దొరికిందని తడిచీర ఆరేస్తారు. గీత ఇంకో జానెడు దిగుతుంది.

ఏమైందని డబ్బానే అడుగుతాను. నెల రోజులుగా కంప్యూటర్ సెకనుకోసారి ఎంత, ఎంత అంటుందే గానీ, తిన్నావా అని ఒక్కసారీ అడగలేదట. పతిరాజు గారు నా వంక చూస్తారు.

"మంచీ చెడ్డా అడక్కుండా లెక్కడిగితే ఎవరు చెబుతారండీ?"

నిజమే, సిగ్గేస్తుంది. గట్టు మీదే కూర్చుని ప్రోగ్రాములో ఒక వరుస చేరుస్తాను. కంప్యూటర్ అడుగుతుంది. తిన్నాను, మరి మీరో అంటుంది డబ్బా. కంప్యూటర్‌కు అబద్ధం రాదు, లేదని చెప్పేస్తుంది. ఆకలితో ఉన్నవాళ్లకు అంకెలు వడ్డించనని డబ్బా మూతి ముడుచుకుంటుంది.

మంగాయమ్మ గారు గట్టు పొడవునా అరిటాకులు వేస్తారు. పప్పుచారు కలిపి లాప్‌టాప్‌కు నేనే ముద్దలు పెడతాను. మూడో ముద్దకు అంకెలు గలగలా వచ్చేస్తాయి. ఏరేటర్లు తిరుగుతాయి. గీత చీరతో సహా పైకి లేస్తుంది. నాకు ఎగిరి గంతేయాలనిపిస్తుంది. వేస్తాను కూడా.

ఆ గీత పట్టుకుని రొయ్యలు ఒక్కొక్కటే ఎక్కి వచ్చి, మీసాలు సర్దుకుని బంతిలో కూర్చుంటాయి. చివర ఒక ఆకు మిగులుతుంది. మంగాయమ్మ గారు తలెత్తి మబ్బును చూస్తారు.

"పొద్దుటి నుంచి అక్కడే ఉన్నారు. మిమ్మల్నీ ఎవరూ అడగలేదేంటండీ?"

మబ్బు చెరువు మీది నుంచి దిగి, కాళ్లు కడుక్కుని, ఆకు ముందు కూర్చుంటుంది. చెరువు నిండా ఎండ పడుతుంది. ఇంకాస్త నెయ్యి వేయమని మబ్బు ఆకు ముందుకు జరుపుతుంది.