మూతలు కోసిన రోజు

పెద్దాయన చెంప మీద కాంట్రాక్టర్ చెయ్యి పడినప్పుడు మేం పద్దెనిమిది మందిమి అక్కడే ఉన్నాం. ఒక్కరమూ కదల్లేదు.

మాలో వెల్డింగ్ చేసేవాళ్లందరికీ పని నేర్పింది పెద్దాయనే. ఆయన చేసిన తప్పల్లా, కాలువ మీది నడక వంతెన కాళ్లకు వార్నిష్ కొట్టించనని చెప్పడం.

ఆ వంతెనది రంగు అక్కర్లేని ఉక్కు. తుప్పే దానికి కవచం. వానకు తడిసి, ఎండకు ఆరి, మళ్లీ తడిసి ఆరుతుంటే పైన తుప్పు గట్టి పొరగా కట్టుకుని లోపలి ఉక్కును కాపాడుతుంది. కానీ ఆరాలి. నీళ్లు నిలిస్తే ఆ తుప్పే ఉక్కును తినేస్తుంది. అందుకే బోలు కాళ్ల అడుగున నీళ్లు పోవడానికి రంధ్రాలు పెట్టాం. ప్రారంభోత్సవం ముందు వాటిలోంచి కారిన ఎర్రనీళ్లు కింది తెల్లరాళ్ల మీద మరకలు కట్టాయి. "పెద్దలొచ్చే వేళకి ఇదేం దరిద్రం? మూసెయ్యండి" అన్నాడు కాంట్రాక్టర్. మూశాం. మూడు వానాకాలాలు గడిచాయి.

ఇప్పుడు తనిఖీ వస్తోందని మళ్లీ పిలిపించాడు. కాళ్ల దగ్గర ఉక్కు పొక్కులు పొక్కులుగా ఉబ్బింది. పైన వార్నిష్ కొట్టి మెరిపించమన్నాడు.

"లోపల నీళ్లున్నాయి బాబూ. పైన ఎంత పూసినా లాభం లేదు. ముందు జనాన్ని ఆపండి" అన్నాడు పెద్దాయన.

దెబ్బ పడింది అప్పుడే.

"సాయంత్రానికి పూర్తవ్వాలి. నోరు జారినవాడికి ఇక ఎక్కడా పని దొరకదు" అని కాంట్రాక్టర్ కారెక్కి వెళ్లిపోయాడు.

వంతెన పక్కనే రేకుల షెడ్డులో భోజనాలకు కూర్చున్నాం. బడిపిల్లలు వంతెన మీద పరుగెత్తుతుంటే ఆ చప్పుడు మా గుండెల మీదే పడుతోంది.

"సంతకాలు పెట్టింది ఇంజనీర్లు. మధ్యలో మనకెందుకు?" అన్నాడు క్రేన్ నడిపే మామ. "ఇంట్లో అయిదుగురు నా మీదే ఆధారపడ్డారు."

"కూలిన రోజు దాని మీద ఇంజనీర్లుండరు మామా" అంది వార్నిష్ కొట్టే అక్క. "మా అత్త రోజూ దాని మీంచే పోతుంది. దారి మూసి, కాళ్లకేసిన మూతలు కోసి లోపలేముందో జనానికి చూపిద్దాం."

"పోలీసులొచ్చి కుళ్లబొడుస్తారే!"

"పొడుస్తారు. నాకు మాత్రం భయం లేదా? ఇవిగో, చూడు."

ఆమె చాపిన చేతులు వణుకుతున్నాయి.

"ఆ మూతలు వెల్డింగ్ చేసింది నేను" అన్నాను. "తెలిసే చేశాను. పని పోతుందని."

పెద్దాయన నన్ను తిట్టలేదు. "నేనేం చేశాన్రా? వద్దని ఒక్కసారి అని ఊరుకున్నాను. ఎవరికి వాళ్లం విడివిడిగా భయపడ్డాం. వాడికి కావలసింది అదే. భయం ఎలాగూ పోదు. ఈసారి అందరం కలిసే భయపడదాం."

మామ చెయ్యి కడుక్కుని లేచాడు. "క్రేన్ తెచ్చి ఈ చివర అడ్డం పెడతా. ఆ చివర మీరు చూసుకోండి."

రెండు వైపులా దారి మూశాం. జనం పోగయ్యారు. బస్తా మోస్తున్న హమాలీ ఒకడు అరిచాడు. "ఏం తమాషా ఇది? దించితే మళ్లీ ఎత్తేదెవడు, మీ తాతా?"

"పది నిమిషాలాగన్నా. నీ కళ్లతో చూసి, ఆ తర్వాత మమ్మల్ని తిట్టు" అంది అక్క.

నేను గ్రైండర్ ఆన్ చేశాను. మొదటి నిప్పురవ్వలు లేవకముందే కాంట్రాక్టర్ కారు, వెనకే పోలీసు జీపు వచ్చి ఆగాయి.

"పట్టుకోండి వాణ్ని! ప్రభుత్వ ఆస్తిని కోసేస్తున్నాడు!"

మావాళ్లు చేతులు పట్టుకుని నా చుట్టూ నిలబడ్డారు. లాఠీలు దిగుతున్న చప్పుడు, అక్క కేక, మామ బూతులు అన్నీ వినిపిస్తున్నాయి. వెనక్కి తిరిగితే పారిపోతానని నాకు తెలుసు. తిరగలేదు.

మూత ఊడిపడింది. నల్లటి నీళ్లు నా మోకాళ్ల మీదికి చిమ్మాయి. కుళ్లు కంపు. నీళ్లతో పాటు అరచేతులంత తుప్పు పెచ్చులు. పెద్దాయన వంగి వంతెన కాలు మీద సుత్తితో ఒక్కటి వేశాడు. మోత రాలేదు. సుత్తి తల లోపలికి దిగబడిపోయింది.

లాఠీలు ఆగాయి. హమాలీ ఆ కన్నం వైపు చూశాడు, పైన తాను రోజూ నడిచే బాట వైపు చూశాడు. బస్తా ధబ్బున కింద పడేసి, వచ్చి మామ చెయ్యి పట్టుకున్నాడు. అతని వెనక ఇంకొకరు. ఆ వెనక ఎంతమందో నేను లెక్కపెట్టలేదు.

అయినా పెద్దాయన్నీ నన్నూ జీపెక్కించారు. మా ఇద్దరినీ వదిలేదాకా వంతెన ఎవరినీ ఎక్కనివ్వమని, ఎవరినీ వార్నిష్ ముట్టనివ్వమని జనం అరుస్తూనే ఉన్నారు.

లాకప్‌లో నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. కాసేపటికి కాపలా కానిస్టేబుల్ ఊచల దగ్గరికి వచ్చాడు. అటూ ఇటూ చూశాడు.

"బస్టాండు కప్పు కూడా ఆ కాంట్రాక్టరే కట్టాడా?"

"అతనే" అన్నాను.

"దానికీ మూతలేశారా?"

"వేశారు. రేపు అక్కడికే పోతామని జీపెక్కేటప్పుడు మావాళ్లు చెప్పారు."

కానిస్టేబుల్ జేబులోంచి ఫోన్ తీసి గోడవైపు తిరిగాడు.

"అమ్మాయ్, ఎక్కడున్నావ్? ఆ కప్పు కింద నిలబడకు, ఇవతలికి రా. ఎందుకేమిటే, రమ్మన్నానా? ఆగు, నువ్వొక్కదానివే కాదు. అక్కడున్న అందర్నీ పిలువు."