జమీలా ఇంటికి చుట్టం

అన్నదమ్ములు వేరుపడ్డాక, 1959లో, దూదేకుల మాబు సాహెబ్ పెళ్లాంబిడ్డలతో వినుకొండ వదిలి దర్శిలో ఒంటిగది ఇంట్లో దిగాడు. అతను పరుపులు కుట్టడానికి ఊళ్లు తిరిగేవాడు. భార్య జైతున్‌బీ మిరప కల్లాల్లో రంగుపోయిన తాలుకాయలు ఏరడానికి పోయేది.

వినుకొండలో ఉన్నప్పుడు అత్త సర్దార్‌బీ మాటే మాట. నాలుగేళ్ల కొడుకు బాజీ పీటను బండి చేసి లాగుతుంటే ఇల్లంతా వాడి వెనకే ఉండేది. "ఏరా, ఏ ఊరికి బండి? ఏం తోలుతున్నావ్?" అని జైతున్‌బీ కూడా అడిగేది. అత్త మురిసిపోయేది. ఏడేళ్ల కూతురు జమీలా బొమ్మపొయ్యి ముందు కూర్చుంటే మాత్రం, "ఆడపిల్లతో కబుర్లేంటే, పని నేర్పు" అనేది. రానురాను జైతున్‌బీకి కూతురితో మాటంటే కడుగు, తుడువు, తమ్ముడికి పెట్టు, అంతే.

దర్శికి వచ్చాక ఒక సాయంత్రం కల్లం నుంచి వచ్చేసరికి ఆమె చేతులు మండుతున్నాయి. నడుం పీకేస్తోంది. బాజీ వీధిలో ఆడుతున్నాడు. జమీలా గడప దగ్గర కొబ్బరిచిప్పల్లో మట్టి అన్నం వండుతోంది.

"అమ్మా, రా, అన్నం తిందువు."

"ముందు తమ్ముడికి పెట్టు," అంది జైతున్‌బీ గోడకు జారగిలబడి.

"వాడు లేడుగా. నువ్వు మా ఇంటికొచ్చిన చుట్టానివి."

"పప్పులో ఉప్పేశావా?"

"వేశాలే. ఏ ఊరండీ మీది?"

బాజీ అడిగి ఉంటే జైతున్‌బీకి పది ఊళ్ల పేర్లు నోటికొచ్చేవి. పిల్ల ఎదురుచూస్తోంది.

"కొత్తపట్నం," అంది చివరికి. చిన్నప్పుడు మేనమామ వెంట వెళ్లి ఒక్కసారి చూసిన ఊరు.

"ఎందుకొచ్చారు?"

"సముద్రం హోరు పడలేక. నిద్రే పట్టదమ్మా అక్కడ."

"అయితే మా ఇంట్లో పడుకోండి." జమీలా గోనెసంచి పరిచింది. "మీరేం పని చెయ్యక్కర్లేదు."

జైతున్‌బీ దానిమీద ఒరిగింది. సముద్రం ఎంత ఉంటుంది, చేపలు అరుస్తాయా అని జమీలా అడుగుతూనే ఉంది. తెలిసింది కొంత, కల్పించింది కొంత జైతున్‌బీ చెప్పింది.

బాజీ ఆకలంటూ పరుగెత్తుకొచ్చాడు.

"జమీలా, తమ్ముడికి..." అనబోయి ఆగింది. "ఒరేయ్ బాజీ, కంచం నువ్వే తెచ్చుకో."

వాడు ఏడుపు లంకించుకున్నాడు. చివరికి జమీలానే లేచి, కంచంలో అన్నం పెట్టి వచ్చింది.

"చుట్టం ఇంకా పోలేదే. ఏదన్నా అడుగు," అంది జైతున్‌బీ, కళ్లు మూసుకునే.

"మీకు ఆడపిల్లలున్నారా?"

"ఒకతె ఉంది."

"మంచిదేనా?"

అప్పటికే జైతున్‌బీకి నిద్రపట్టేసింది.