మొదటి కాగితం మీద సంతకం

స్కూల్ ముందు కార్ల వరుస కదలడం లేదు. వైపర్లు మంచును తోసేస్తున్నాయి. వెనక సీట్లో అవని పిటిషన్ కాగితాలు మళ్ళీ తిరగేస్తోంది. ఇవాళ తన హిస్టరీ క్లాసు 1847 నాటి బ్రిటిష్ పార్లమెంటుగా మారుతుంది. మిల్లుల్లో ఆడవాళ్ళూ పిల్లలూ రోజుకు పది గంటలకు మించి పని చేయకూడదన్న బిల్లు చర్చకు వస్తుంది. పిటిషన్‌ను సభ తీసుకుంటేనే తెచ్చినవాళ్ళు మాట్లాడాలని టీచర్ నియమం.

పోయిన టర్మ్‌లో అవని క్లాసు ముందు నిలబడి ఒక్క మాటా రాక కూర్చుండిపోయింది. ఈసారి తనంతట తనే పేరిచ్చింది. గదిలో ప్రాక్టీసు చేస్తున్నంతసేపూ తల్లి ఇంద్రజ మిక్సీ కూడా వేయలేదు.

"అమ్మా, ఈ ఫోర్ సిగ్నేచర్స్ చూడు. సేమ్ హ్యాండ్‌రైటింగ్."

ఇంద్రజ కాగితం అందుకుంది. రాజగోపాల్, భానుప్రకాష్, ఫణి, అద్వైత్. నాలుగు పేర్ల చివరా ఒకే కొక్కెం. శనివారం వసుమతి ఇంట్లో లలితా పారాయణం అయ్యాక అందరి చేతా సంతకాలు పెట్టించింది తనే. పెద్దావిడ కదా అని ముందు రాధారాణికి ఇచ్చింది. ఆవిడ ప్రసాదం చెయ్యి తుడుచుకుని భర్త పేరూ, కొడుకుల పేర్లూ, మనవడి పేరూ రాసి, "మా ఇంటివన్నీ అయిపోయాయమ్మా" అని పెన్ను తిరిగిచ్చింది. తన పేరు రాయలేదు.

"ఒకళ్ళది ఇంకొకళ్ళు సైన్ చేస్తే రిజెక్ట్ చేస్తారు. అప్పటి రూల్ అది."

"ఆ నాలుగూ కొట్టేస్తే?"

"ఈ షీట్‌లో అవే ఉన్నాయి. రిక్వెస్ట్ రాసిన ఫస్ట్ షీట్ ఇదే. దీని మీద ఒక్క రియల్ సిగ్నేచర్ అయినా ఉండాలి."

ముందు కారు కదిలింది.

"రాధారాణి ఆంటీ దగ్గరికి వెళ్ళొద్దామా?"

"లేట్ అయితే నా టర్న్ పోతుంది." అవని మిగతా కాగితాలు తిప్పింది. "నీది ఏ షీట్‌లో ఉంది?"

"నాన్నది ఉందిగా, మూడో దాంట్లో. మళ్ళీ నాదెందుకు అనుకున్నా."

"అప్పుడు లేడీస్‌కి ఓట్ లేదమ్మా. పిటిషన్ మాత్రం సైన్ చేయొచ్చు. నువ్వు అది కూడా చేయలేదు."

ఇంద్రజ స్పెల్లింగుల కోసం మూడుసార్లు చూసిన ఆ కాగితాన్ని ఈసారి అర్థం కోసం చదివింది. నాలుగు పేర్లూ కొట్టేసి, కింద సంతకం పెట్టింది. చలికి పెన్ను రెండుసార్లు ఆగింది.

"ఈ కొట్టివేతలేంటని అడిగితే?"

"అడుగుతారు." అవని జాకెట్ జిప్ లాక్కుని దిగిపోయింది.

ఇంద్రజకు ఆ పూట వంట కుదరలేదు. పప్పులో ఉప్పు వేశానో లేదో అని రెండుసార్లు రుచి చూసింది.

సాయంత్రం అవని కారెక్కగానే, "తీసుకున్నారా?" అంది.

"తీసుకున్నారు. ఎవరు కొట్టేశారని అడిగారు."

"మాట రాలేదా?"

"ఫస్ట్ రాలేదు. తర్వాత ఆంటీ గురించి చెప్పా. ఇంట్లో అందరి పేర్లూ రాసి తనది రాయలేదని. అందరూ క్వశ్చన్స్ అడిగారు. దాంతోనే టైమ్ అయిపోయింది. నా స్పీచ్ సగం కూడా కాలేదు."

"మరి మార్కులు?"

"తెలీదు." అవని గ్లవ్స్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "మిగతాది రేపు మాట్లాడతానని అడిగా. సరే అన్నారు."